పురుగుమందు కొట్టేటప్పుడు విషం ఎక్కువగా ఎక్కేది ముక్కు నుంచి కాదు, ఒంటి నుంచి: పత్తి, మిర్చి పొలాల్లో చర్మాన్ని కాపాడుకునే పూర్తి గైడ్

పత్తి చేలో మందు కొట్టే మనిషిని ఒకసారి గమనించండి. ముక్కుకి తువ్వాలు రెండు చుట్లు చుట్టుకుంటాడు, లుంగీ మాత్రం మోకాళ్ళ పైకి ఎగ్గడతాడు, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా సాళ్ళలోకి దిగుతాడు. వాసన రాకపోతే మందు లోపలికి పోనట్టే అని మనవాళ్ళ లెక్క. కానీ పంపుతో కొట్టేటప్పుడు మనిషికి తగిలే మందులో చాలా పెద్ద వాటా చర్మం మీదే పడుతుంది, పీల్చేది చిన్న వాటానే. పంపు నుంచి వచ్చే తుంపర ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేంత సన్నంగా ఉండదు, ఎక్కువ భాగం బట్టల మీద, చేతుల మీద, తొడల మీద పడి అక్కడే ఉండిపోతుంది, మనం దాన్ని అలాగే మోసుకుంటూ సాయంత్రం దాకా తిరుగుతాం.

2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది హాస్పిటల్ పాలయ్యారు. అదేదో దూరం దేశం కాదు, పెన్‌గంగ దాటితే ఇటువైపు మన ఆదిలాబాదే. ఆ ఏడాది అక్కడ పత్తి మనిషి ఎత్తుకి పెరిగింది, నాజిల్ పైకెత్తి కొట్టాల్సి వచ్చింది, పైగా ఉక్కపోత, కొట్టిన మందంతా మొహం మీద, ఛాతీ మీద పడింది. మన దగ్గర 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు ఎలా కొట్టారో మీకే తెలుసు, మందు మీద మందు, ఈ షాపువాడు చెప్పిందొకటి ఆ షాపువాడు చెప్పిందొకటి. పంటకి ఎంత కొట్టాలి అనేది వేరే చర్చ, దాని జోలికి ఇక్కడ పోవట్లేదు. కొట్టక తప్పనప్పుడు ఒంట్లోకి పోకుండా ఏం చేయాలి అనేదే ఈ గైడ్.

ముందు ఇది తెలుసుకోండి: ఒళ్ళంతా ఒకేలా పీల్చదు

చర్మం పై పొర చచ్చిన కణాలు, కొవ్వు కలిసిన పొర. నీళ్ళని బాగానే ఆపుతుంది గానీ కొవ్వులో, నూనెలో కరిగే వాటిని అంత గట్టిగా ఆపలేదు, పురుగుమందుల్లో చాలావరకు ఈ బాపతే. 1971లో అమెరికాలో మైబాక్ అనే చర్మ వైద్యుడు, ఆయన టీమ్ కలిసి పారథియాన్ అనే మందు మనిషి ఒంట్లో ఏ భాగం నుంచి ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేయి మీద రాస్తే దాదాపు 9 శాతం పోయింది, అరచేతి నుంచి 12, పొట్ట మీద నుంచి 18, తల మాడు నుంచి 32, నుదుటి నుంచి 36, చెవి రంధ్రం నుంచి 46. వృషణాల తిత్తి దగ్గరికి వచ్చేసరికి మొత్తానికి మొత్తం లోపలికి పోయింది. ఈ ఆఖరి ముక్క మగవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

దీనికి తోడు ఎండకి ఒళ్ళు వేడెక్కి చర్మం దగ్గర రక్తం ఎక్కువ పారుతుంది, చెమటకి చర్మం నాని మెత్తబడుతుంది, రెండూ మందుకి దారి తీస్తాయి. గీరుకున్న చోట, పుండున్న చోట, తామర ఉన్న చోట అయితే అసలు అడ్డే లేదు. అందుకే కాలికి పుండున్న మనిషిని ఆ రోజు పంపు ఎత్తనివ్వకండి.

స్టెప్ 1: షాపులోనే డబ్బా చదవండి

డబ్బా మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, కింది సగంలో రంగు. ఎరుపు అంటే అతి ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరికి ఆకుపచ్చ. ఈ రంగుని, మందు నోట్లోకి పోతే ఏమవుతుంది అనే లెక్క మీదే కాదు, చర్మం లెక్క మీద కూడా ఇస్తారు. టెస్టు జంతువుల చర్మం మీద రాసినప్పుడు వాటిలో సగం చచ్చే డోసు కిలో బరువుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎరుపు, 201 నుంచి 2000 దాకా పసుపు. "పసుపే కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి ఒక మాట, పురుగుకి కొట్టే ప్రొఫెనోఫాస్ పసుపే, క్లోర్‌పైరిఫాస్ పసుపే, కలుపుకి కొట్టే పారాక్వాట్ కూడా పసుపే, దానికి విరుగుడు మందే లేదు. ఆకుపచ్చ అంటే ఏమీ కాదని కూడా అనుకోవద్దు, తెగుళ్ళకి కొట్టే మాంకోజెబ్ ఆకుపచ్చే, అది చేతులకి పడక దద్దుర్లు, దురదలతో నెలల తరబడి గోక్కునేవాళ్ళు ఉంటారు.

రెండోది పేరు పక్కన ఉండే అక్షరాలు. ఈసీ అని ఉంటే అందులో మందుతో పాటు జైలీన్ లాంటి సాల్వెంట్, అంటే మందుని కరిగించే ద్రవం ఉంటుంది, మూత తీయగానే ఘాటు కొట్టేది అదే. చర్మంలోకి మందుని లాక్కుపోవడంలో ఆ సాల్వెంట్ పాత్ర చాలా ఉంది. డబ్ల్యూపీ అంటే పొడి, కలిపేటప్పుడు లేస్తుంది. అదే పురుగుకి ఈసీ కాకుండా నీళ్ళలో కలిపిన ద్రవంలా ఉండే ఎస్‌సీ రకంలోనో, గుళికల్లా ఉండే డబ్ల్యూజీ రకంలోనో మందు దొరుకుతుందేమో అడగండి, షాపతను మొహం అదోలా పెట్టినా సరే. మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్ అనే పురుగుమందుని 2023లో నిషేధించారు, ఎవరైనా పాత స్టాక్ అని లోపల నుంచి తీసిస్తే తీసుకోవద్దు.

డబ్బాతో పాటు మడత పెట్టిన కాగితం ఒకటి వస్తుంది, అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఎవరూ చదవరు. సెల్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి, విరుగుడు ఏంటో అందులో రాసి ఉంటుంది. ఆ ఫొటో ఫోన్లో ఉండనివ్వండి, ఇంట్లోవాళ్ళ ఫోన్లో కూడా.

స్టెప్ 2: మందు కలపక ముందు పంపుని ఉత్త నీళ్ళతో చూడండి

కారే పంపు మందు కొట్టేది చేనుకి కాదు, మీ వీపుకి. ట్యాంకు మూత వాషర్ అరిగిపోయి, నడుస్తుంటే మందు చిలికి మెడ వెనక నుంచి నడుం దాకా కారుతుంది, చొక్కా తడిసి గంటల కొద్దీ వీపుకి అంటుకుని ఉంటుంది, చెమట అనుకుంటారు. పారాక్వాట్ పంపు ఇలా వీపు మీద కారి, చర్మం పుండుపడి, ఆ పుండులోంచి మందు లోపలికి పోయి ఊపిరితిత్తులు పాడై చనిపోయిన కేసులు వైద్య రికార్డుల్లో ఉన్నాయి. కాబట్టి ఉత్త నీళ్ళు నింపి, భుజానికి తగిలించుకుని, వంగి లేచి చూడండి. మూత, పైపు జాయింటు, ట్రిగ్గర్, నాజిల్, ఈ నాలుగు చోట్ల తడి కనిపిస్తే వాషర్ మార్చండి, గుడ్డపీలిక చుట్టి లాగించొద్దు. ఆ పీలికే మందు పీల్చుకుని రోజంతా మీ చేతికి తగుల్తూ ఉంటుంది.

స్టెప్ 3: ఏం వేసుకోవాలి

కంపెనీల బొమ్మల్లో చూపించే తెల్ల సూటు వేసుకుని మే నెల ఎండలో ఎవరూ పని చేయలేరు, వేసుకోమని నేనూ చెప్పను, వేడికే పడిపోతారు. చేయగలిగింది ఇది.

నిండు చేతుల కాటన్ చొక్కా, ప్యాంటు, లుంగీ వద్దు. వీపుకి, పంపుకి మధ్య ఒక పాలిథిన్ షీటు. పంట నడుం ఎత్తు ఉంటే ముందు వైపు తొడలే ముందుగా తడుస్తాయి, నడుం నుంచి పాదాల దాకా మందపాటి పాలిథిన్ కవరుని ఏప్రాన్‌లా కట్టుకోండి, ముందు కడితే చాలు, వెనక గాలి ఆడుతుంది. తలకి టోపీ, నుదురు లెక్క పైన చూశారు కదా. గుడ్డ టోపీ, తువ్వాలు అయితే తడవగానే మార్చాలి, తడిసిన తువ్వాలు నుదుటికి చుట్టుకోవడం కంటే లేకపోవడమే నయం. కళ్ళకి ప్లాస్టిక్ అద్దాలు.

కాళ్ళకి రబ్బరు బూట్లు, ప్యాంటు బూటు లోపలికి దోపొద్దు, బయటికి వదలండి. లోపలికి దోపితే ప్యాంటు మీద కారిన మందు నేరుగా బూటులోకి దిగి పాదం అందులో నానుతుంది.

గ్లౌజుల దగ్గరే అందరూ తప్పుతారు. గుడ్డ గ్లౌజులు, తోలు గ్లౌజులు మందు పీల్చుకుని పట్టుకుంటాయి, డాక్టర్లు వాడే పల్చటి గ్లౌజులు ఈసీ మందులకి ఎక్కువ సేపు ఆగవు, చిరిగినా తెలీదు. కావాల్సింది మోచేతి దగ్గరదాకా వచ్చే మందపాటి నైట్రైల్ రబ్బరు గ్లౌజులు, లోపల గుడ్డ లైనింగ్ లేనివి. వాడే ముందు నీళ్ళు నింపి నొక్కి చూడండి, నోటితో ఊది చూడొద్దు. కిందికి కొడుతుంటే చొక్కా చెయ్యి గ్లౌజు మీదకి రావాలి, పైకెత్తి కొడుతుంటే గ్లౌజు చొక్కా మీదకి వచ్చి అంచు బయటికి మడిచి ఉండాలి, కారింది ఆ మడతలో ఆగుతుంది.

ఇంకోటి, కొంతమంది మందు పట్టకుండా ఉంటుందని ముందే ఒళ్ళంతా కొబ్బరినూనె రాసుకుంటారు. చేయకండి, నూనెలో కరిగే మందుకి నూనె అడ్డెలా అవుతుంది?

స్టెప్ 4: కలిపేటప్పుడు, అసలు ప్రమాదం ఇక్కడే

లెక్క చూడండి. లీటరు నీళ్ళకి 2 మిల్లీలీటర్ల మందు డోసు అనుకుందాం. అంటే డబ్బాలోని చిక్కటి మందు 1 మిల్లీలీటరు మీ చేతి మీద పడిందంటే, కలిపిన మందు అర లీటరు ఒంటి మీద పోసుకున్నంత విషం. అర లీటరు మందు నీళ్ళు ఎవరైనా మీద గుమ్మరిస్తే కేకలేసి బాయి దగ్గరికి పరిగెత్తుతాం, అదే మూత తీసేటప్పుడు వేళ్ళ మీద కారిన చుక్కలు ప్యాంటుకి తుడుచుకుని ఊరుకుంటాం. తుడిచింది కూడా ఎక్కడ? తొడకి.

సీలు పళ్ళతో కొరకొద్దు, చిన్న కత్తి పెట్టుకోండి. డబ్బాని నేల మీద చదునైన చోట పెట్టి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. కొలత చెంబులో పోయండి, డబ్బా మూతతో కొలవొద్దు, మూత అంచు నుంచి కచ్చితంగా వేళ్ళ మీదకి వస్తుంది. బకెట్లో ముందు నీళ్ళు, తర్వాత మందు, కలపడానికి కర్ర. చెయ్యి మోచేతి దాకా ముంచి కలిపే అలవాటు ఇప్పటికీ ఉంది, దాని గురించి ఇంకేం చెప్పాలి. చేతి మీద చిక్కటి మందు పడితే "ఈ ట్యాంకు అయ్యాక కడుగుతాలే" కాదు, అప్పుడే, ఆ నిమిషంలోనే సబ్బుతో కడగాలి, అందుకే కలిపే చోట ఒక బిందెడు మంచి నీళ్ళు, సబ్బు ముందే పెట్టుకోవాలి.

మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపితే డబ్బా మీద రాసిన జాగ్రత్తల లెక్క ఇక పనిచేయదు. ఆకుకి అంటుకోవాలని వేసే స్టిక్కర్ మందు చర్మానికీ అంతే బాగా అంటిస్తుంది. డ్రోన్ వచ్చింది కాబట్టి ఇక భయం లేదనేవాళ్ళు కూడా ఇది చదవాలి, డ్రోన్‌కి ఎకరానికి సుమారు 10 లీటర్ల నీళ్ళే వాడతారు, కలిపిన మందే బాగా చిక్కగా ఉంటుంది, కలిపేది మాత్రం మనిషే.

ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు ట్యాంకులోనే పోసి, డబ్బాకి కన్నం పెట్టండి. ఇంట్లో మరో పనికి వాడొద్దు, కాలవ దగ్గర వదిలేయొద్దు.

స్టెప్ 5: కొట్టేటప్పుడు

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ, గాలి రెండూ తక్కువ ఉన్నప్పుడు. గాలికి అడ్డంగా నడవండి, కొట్టిన సాలు గాలి పోయే వైపు ఉండాలి, మీరు కొట్టని వైపు సాల్లోకి జరుగుతూ పోవాలి. కొట్టిన తడి మొక్కల్లోంచి నడిచామంటే నాజిల్ నుంచి పడని మందు ఆకుల నుంచి పడుతుంది. పత్తి ఛాతీ ఎత్తు దాటితే పంపు పట్టుకుని లోపలికి దిగకపోవడమే మంచిది, తప్పదంటే నాజిల్ రాడ్డు పొడవుది వాడి, పక్కకి చాపి కొట్టండి. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదకండి, పాత పళ్ళ బ్రష్ జేబులో పెట్టుకోండి.

స్టెప్ 6: మధ్యలో బ్రేకు

చేతులు కడగకుండా బీడీ, గుట్కా, సెల్ ఫోను, చెమట తుడుచుకోవడం వద్దు, ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనిది ఒంటేలు. మందు చేతులతో ప్యాంటు విప్పి పోస్తారు, పైన చెప్పాను కదా ఒంట్లో అన్నిటికంటే ఎక్కువ పీల్చేది అక్కడే. వెళ్ళి వచ్చాక కడగడం అందరికీ అలవాటే, మందు కొట్టే రోజు మాత్రం వెళ్ళే ముందు కడగాలి.

గ్లౌజులు తీసే ముందు గ్లౌజులతోనే చేతులు సబ్బుతో కడగండి, తర్వాత తీయండి, లేదంటే బయటి మందు వేళ్ళకి, మళ్ళీ తొడిగేటప్పుడు గ్లౌజు లోపలికి చేరుతుంది. లోపల మందు చేరిన గ్లౌజు గ్లౌజు లేకపోవడం కంటే చెడ్డది.

స్టెప్ 7: ఇంటికొచ్చాక

మంచం మీద కూర్చోవద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు, నేరుగా బాత్‌రూమ్‌కి. సబ్బు ఎక్కువ, నీళ్ళు ఇంకా ఎక్కువ. పీచుతో గట్టిగా రుద్దితే చర్మం గీరుకుని మిగిలిన మందుకి దారి ఇస్తుంది, చేత్తోనే రుద్దండి. తల వెంట్రుకలు, చెవి వెనక, గోళ్ళ కింద, బొడ్డు, గజ్జలు, ఈ చోట్లు వదలొద్దు. కిరోసిన్‌తో మందు జిడ్డు తుడుచుకోవడం అస్సలు వద్దు.

బట్టల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి ఉతికేది చాలా ఇళ్ళల్లో అసలు చేలోకే వెళ్ళని మనిషి. మిగతా బట్టల్లో కలపకండి, వేరే బకెట్, ఉతికేవాళ్ళకి కూడా గ్లౌజులు, ముందు ఉత్త నీళ్ళలో జాడించి తర్వాత సర్ఫ్‌తో రెండుసార్లు, ఎండలో ఆరేయడం. వాషింగ్ మెషీన్ అయితే తర్వాత ఒకసారి ఖాళీగా తిప్పండి. చిక్కటి మందు ఒలికిన చొక్కా ఉతికినా వదలదు, పారేయండి, పాత చొక్కాయే కదా.

మందు కొట్టనివాళ్ళకి కూడా

మర్నాడు కలుపు తీసే ఆడకూలీలు, మిరపకాయలు కోసేవాళ్ళు, వాళ్ళ చేతులకి గ్లౌజులూ ఉండవు, నిన్న ఏం కొట్టారో వాళ్ళకి ఎవరూ చెప్పరు. అమెరికాలో మందు తీవ్రతని బట్టి 12, 24, 48 గంటలు చేలోకి ఎవర్నీ దిగనివ్వకూడదని లెక్క పెట్టారు. మన డబ్బా కాగితం మీద గడువు ఉంటే అది పాటించండి, లేకపోతే ఎరుపు, పసుపు మందులకి రెండు రోజులు ఆపండి, చేను గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టండి. కూలీల మేస్త్రికి ముందే ఫోన్ చేసి చెప్పడం ఇంకా సులువు. వరిలో గుళికలు వట్టి చేత్తో చల్లడం కూడా ఇదే బాపతు, తడి చేతికి గుళిక కరిగి అంటుకుంటుంది.

పొగాకు రైతులకైతే పురుగుమందు లేకుండానే ఈ సమస్య ఉంది. మంచుకి గానీ వానకి గానీ తడిసిన పచ్చాకు రెలుస్తుంటే, అంటే కోస్తుంటే, ఆకులోని నికోటిన్ నీళ్ళతో పాటు చర్మంలోకి దిగి వాంతులు, కళ్ళు తిరగడం, తలనొప్పి వస్తాయి. ఆకు ఆరాక రెలవండి, లేదంటే రెయిన్‌కోటు, గ్లౌజులు వేసుకోండి.

స్టెప్ 8: ఏదో తేడాగా ఉంది అనిపిస్తే

చర్మం నుంచి పోయిన మందు వెంటనే పడేయదు. పొద్దున కొడితే సాయంత్రం, ఒక్కోసారి రాత్రి భోజనం అయ్యాక మొదలవుతుంది, అందుకే ఎండ దెబ్బ అనో గ్యాస్ అనో పడుకోబెడతారు. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు నరాల దగ్గర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని తొలగించే ఎంజైమ్‌ని కట్టేస్తాయి, దాంతో నోట్లో నీళ్ళూరడం, కళ్ళ నీళ్ళు, వాంతులు, విరేచనాలు, చూపు మసక, ఒళ్ళంతా చెమట, కండరాలు అదరడం. టార్చ్ వేసి కంటిపాప చూడండి, చీకట్లో కూడా సూది మొనంత చిన్నగా ఉంటే ఎండ దెబ్బ కాదు, మందే అనుకుని కదలండి. కంటిపాప మామూలుగా ఉందని ధీమా పడొద్దు, మిగతా లక్షణాలు ఉంటే అదీ కేసే. సైపర్‌మెత్రిన్ లాంటివి అయితే మొహం మీద మంట, తిమ్మిరి, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది.

చేయాల్సింది వరసగా: మనిషిని చేను బయటికి తీసుకురండి, బట్టలు మొత్తం విప్పేయండి, మొహమాటం పక్కన పెట్టండి, మొలతాడు, వాచీ, బెల్టు కూడా. మీరు గ్లౌజులు వేసుకుని, లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని, సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడగండి, కళ్ళలో పడితే ఉత్త నీళ్ళు అంతసేపూ పోస్తూనే ఉండండి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి కష్టంగా ఉంటే, మనిషి స్పృహలో లేకపోతే, బట్టలు తీసేసి గబగబా కడిగి బయల్దేరాలి, 15 నిమిషాలని కూర్చోవద్దు. మజ్జిగ, నిమ్మరసం, వాంతి చేయించడం ఏదీ వద్దు, మందు కడుపులో లేదు కదా. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ 1800 116 117.

హాస్పిటల్లో మొదట చూపించాల్సింది డబ్బా ఫొటో. "మందు తాగలేదు, కొడుతుంటే ఒంటి మీద పడింది, ఇన్ని గంటలైంది" అని స్పష్టంగా చెప్పండి, చెప్పకపోతే ఆత్మహత్య కేసు అనుకుని ఆ ప్రశ్నలతోనే టైం పోతుంది. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి మందైతే విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది.

బయటపడ్డాక కూడా ఆ సీజన్‌కి పంపు ముట్టుకోవద్దు. దెబ్బతిన్న ఎంజైమ్ మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి వారాలు, కొన్నిసార్లు రెండు మూడు నెలలు పడుతుంది, అది తక్కువ ఉన్నప్పుడు మామూలుగా ఏమీ చేయని డోసు కూడా పడేస్తుంది. వారానికోసారి కొట్టేవాళ్ళకి పడిపోకుండానే ఇలా తగ్గుతూ రావచ్చు, కాబట్టి కూలికి మందు కొట్టేవాళ్ళు సీజన్ మొదలవక ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కోలినెస్టరేజ్ (ఆ ఎంజైమ్ పేరే ఇది) రక్త పరీక్ష చేయించుకుంటే పోల్చి చూడటానికి ఉంటుంది. హాస్పిటల్లో విప్పిన బట్టలు కవర్లో కట్టి ఇంటివాళ్ళ చేతికే ఇస్తారు, ఆ కవరు ఇంట్లో విప్పకండి, అలాగే పారేయండి.